వాకిట్లకు వచ్చిన పాట

నాకు పాటలంటే పడదు. ఈ సంగతి మొదలే చెప్పేస్తే మంచిది. మా ఇంట్లో రేడియో వార్తల కోసమే ఉండేది. వార్తలకు ముందు పాట వస్తే ఆ కాసేపు పళ్ళు తోముకునేవాణ్ణి. సినిమా హాల్లో పాట మొదలుకాగానే బయటికి పోయి మిర్చి బజ్జీ తిని వచ్చే బాపతు మనిషిని. ఒక పాటకీ ఇంకో పాటకీ తేడా తెలియదు. పాట అయిపోయిందని కూడా పక్కవాళ్ళు చప్పట్లు కొడితేనే తెలిసేది. అలాంటి నాకు, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యే ముందు, ఒక ప్రేమపాట పుట్టుపూర్వోత్తరాలు తేల్చే డ్యూటీ పడింది.

మోరీలు తీయించాను, దోమల మందు కొట్టించాను, పందులు పట్టించి వాటి యజమానులతో తిట్లు తిన్నాను. అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. విడిగా గుర్తున్నది ఈ పాట కేసు ఒక్కటే. కొత్తగా మున్సిపాలిటీల్లో చేరిన పిల్లలు కలిసినప్పుడు మీ అనుభవం చెప్పండి సార్ అంటారు. నేను వరదలో దూకి ఎవరినో కాపాడి ఉంటానని వాళ్ళ ఆశ. నా దగ్గర ఉన్నది ఇది. ఊరి పేరు చెప్పను. మంచిర్యాలకు అంత దూరమేమీ కాదు. మనుషుల పేర్లు కూడా చెప్పను. అందరూ బతికే ఉన్నారు, అందరి దగ్గరా ఫోన్లున్నాయి.

మా ఊళ్ళోకి చెత్త ఆటోలు వచ్చిన కొత్తలో ఒక్క ఇల్లాలు కూడా బయటికి వచ్చేది కాదు. పైనుంచి పంపిన పాట ఒకటి ఆటోలో మోగేది. పరిశుభ్రత గురించి ఎవరో పెద్దమనిషి సభలో మాట్లాడుతున్నట్టు ఉండేది. జనం విని కిటికీలు మూసుకునేవాళ్ళు. అప్పుడు మా కాంట్రాక్టు డ్రైవర్లలో ఒకతను సొంతంగా ఓ పాట కట్టి, ఫోన్లో రికార్డు చేసి, ఆటో మైకులో పెట్టాడు.

అతను అంతకుముందు సిమెంటు గోదాములో హమాలీ. బస్తాలు మోసి మోసి నడుం పోయింది. వంగలేడు, ఎత్తలేడు. డ్రైవర్ సీటు ఒక్కటే ఆ నడుముకు కుదిరిన పని. దానికోసం మా ఆఫీసు మెట్ల మీద ఎంతకాలం కూర్చున్నాడో నేను చూశాను. వాళ్ళది మెథడిస్టు సంఘం, వాళ్ళ బాపు, అంటే నాన్న, చర్చిలో పెద్ద. చిన్నప్పట్నుంచీ అక్కడ పాడటం వల్ల గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్ళు. నా మటుకు నాకు హారన్ కంటే నయంగా ఉండేది. ఆ పాట ఇది:

వాకిట్లకు రావే అక్కా, వాకిట్లకు రావే,
ఒక్కపారి... రెండు బకెట్లు పట్టుకోని రావే.

"ఒక్కపారి" అన్నాక పాట కొంచెం ఆగుతుంది. ఆ ఆగిన చోట ఇనుప రేకు మీద దబ్బున ఒక దెబ్బ. దెబ్బ వినపడితే చాలు, వీధి వీధంతా తడి చెత్త ఒక చేతిలో, పొడి చెత్త ఒక చేతిలో వాకిట్లోకి వచ్చేసేది. పక్క మున్సిపాలిటీల వాళ్ళు వాట్సాప్‌లో పాట తెప్పించుకుని తమ ఆటోలకు పెట్టుకున్నారు. కమిషనర్ నన్ను మెచ్చుకున్నాడు. నేను డ్రైవర్ని మెచ్చుకున్నాను. ఆ బాణీ ఎక్కడిదని నేను అడగలేదు. అడగాలని తోచాలంటే బాణీ అనేది ఒకటుందని ముందు తెలియాలి కదా.

ఇక పెళ్ళి సంగతి. కరీంనగర్‌లో ఒకాయనకు యూట్యూబ్ ఛానల్ ఉంది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఒక బైకు, ఒక పత్తి చేను దొరికితే ఆయనకు పాట తయారు. ఆయన్ని పెద్దవాణ్ణి చేసిన ప్రేమపాట ఒకటుంది:

వాకిట్లకు రావే పిల్లా, వాకిట్లకు రావే,
ఒక్కపారి... కండ్లవడి మల్ల లోపటికి పోవే.

డీజేలో పెడితే, ఆగిన చోట లారీ హారన్ మోగుతుంది, కుర్రాళ్ళు ఎగురుతారు. రెండు పాటలూ ఒకటేనని ఊరందరికీ తెలుసట, నాకు తప్ప. ఆయనకు మా ఊరి అమ్మాయితో పెళ్ళి కుదిరింది. లగ్నం పొద్దుటిది. పూలు కట్టిన టాపు లేని జీపులో వెనక సీట్లో పెళ్ళికొడుకు, ముందు బ్యాండు. సరిగ్గా మా చెత్త ఆటో తిరిగే వేళకు, ఆటో తిరిగే వీధిలోకే ఊరేగింపు మళ్ళింది. పెళ్ళికొడుకు సంతోషిస్తాడని బ్యాండు మాస్టర్ ఆయన పాటే ఎత్తుకున్నాడు. "ఒక్కపారి" దగ్గర పెద్ద డోలు దబ్బుమంది.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆకుపచ్చ బకెట్లూ నీలం బకెట్లూ వీధిలోకి వచ్చాయి. చాలామంది ఊరేగింపు చూసి సిగ్గుపడి, బకెట్లు వెనక దాచుకుని నవ్వుతూ నిలబడ్డారు. మూలమీది ఇంటి ముసలమ్మకు చూపు ఆనదు. ఆమె తిన్నగా జీపు దగ్గరికి వచ్చి, ఇయ్యాల బండికి పూలు కట్టిండ్రేంది బిడ్డా అని మెచ్చుకుని, తడి చెత్త బకెట్టు వెనకనుంచి బోర్లించింది. పొడి చెత్తకు వేరే అర ఏదని కూడా అడిగింది. నేను ఆమెను తప్పు పట్టను. మేము నేర్పిన పద్ధతి ఆమె అక్షరాలా పాటించింది.

పెళ్ళికొడుకు షేర్వాణీ మీద ఉల్లిపొట్టు, తలపాగాలో మునక్కాడ పిప్పి. ఎవరో తీసిన ఆ వీడియోను ఆయన తీసిన పాటలన్నిటికంటే ఎక్కువమంది చూశారని విన్నాను. ఆయనకు ఆ బాధే పెద్దదై ఉంటుంది. కొద్దిరోజులకే మా ఆఫీసుకు వకీలు నోటీసు వచ్చింది. ఆ పాట ఆయన సొంతమట, మున్సిపాలిటీ దొంగిలించి చెత్తపాలు చేసిందట, పాట ఆపి కారకుడి మీద చర్య తీసుకోవాలట.

మా కమిషనర్ చిన్నవయసువాడు, మంచివాడు, కాగితమంటే భయస్తుడు. నన్నూ డ్రైవర్నీ పిలిపించి విషయం తేల్చేశాడు. పాట ఎవరిదీ కాదు, జనంలో పుట్టి జనంలో తిరిగేదని రుజువైతే నోటీసు చెల్లదు. ఎవరిదో ఒకరిదని తేలితే మాత్రం డ్రైవర్ని తీసేయక తప్పదు, కాంట్రాక్టువాడు కాబట్టి ఒక్క మాట చాలు. అందుకని ఆ పాట పాడేవాళ్ళందరి దగ్గరికీ పోయి, "ఈ పాట మాది కాదు" అని రాయించి సంతకాలు పట్టుకురమ్మన్నాడు. తనకు సంబంధం లేదని రాసివ్వడానికి మన జనం ఎంత సంబరంగా ముందుకొస్తారో ఉద్యోగంలో చూసినవాణ్ణి. రోడ్డు మీద చెత్త కుప్ప ఎవరిదంటే ఊళ్ళో ఒక్కడు నాదన్న పాపాన పోలేదు. ఈ పని రెండు పూటల్లో అయిపోతుందనుకున్నాను.

డ్రైవర్ని వెంటబెట్టుకున్నాను. పోల్చి చూడాలంటే పాడేవాడొకడు కావాలి, నా చెవులతో ఆ పని కాదు. అతను నడుముకు పెట్టుకునే దిండొకటి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. దాన్ని వీపు వెనక పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఒక్కసారి, తీసేస్తే మళ్ళీ బస్తాలెత్తాలె సారు, ఎత్తితే ఈసారి లేవ అన్నాడు. ఏడుపు లేదు, బతిమాలటం లేదు. నాకు ఆ మాట బాగా తగిలింది. అప్పటిదాకా నాకది వింత కేసు, అప్పట్నుంచి అతని నడుం కేసు అయింది.

ముందు కరీంనగర్‌లో ఛానల్ ఆయన. ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు. ముమ్మాటికీ తనదేనన్నాడు. ఎట్లా కట్టారని అడిగితే, చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో క్లారినెట్టు మీద విన్న గుర్తు ఏదో ఉంటే ఉండొచ్చు గానీ హారన్ మాత్రం తన సొంత ఆలోచన అన్నాడు. హారన్ మీరే ఉంచుకోండి, మిగతాది మీది కాదని రాసివ్వండి అన్నాను. బయటికి పొమ్మన్నాడు.

తరువాత బ్యాండు మాస్టర్. ఆ పెళ్ళిలో వాయించినవాడే, మా ఊరివాడే. అసలే జీపు గొడవలో బాకా సొట్టపడి చిరాకుగా ఉన్నాడు. డ్రైవర్ పాడాడు. మాస్టర్ చెవులు మూసుకుని, అట్ల కాదు, అసలుది వినుమని క్లారినెట్టు తీశాడు. వాయించాడు. నాకు అదీ ఇదీ ఒకటే అనిపించింది, కానీ నాకు అన్నీ ఒకటే అనిపిస్తాయి కనుక డ్రైవర్ వైపు చూశాను. అతను కూడా ఒకటేనన్నట్టు తలూపాడు. అది ఎదురుకోళ్ళ కోసం తాను కట్టిందని మాస్టర్ పట్టు. పెళ్ళివారు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు వధువును వాకిట్లోకి పిలిచే వరస అట. ఆ కరీంనగరపాయన తన దగ్గర ఎత్తుకుపోయాడు, ఈ చర్చివాళ్ళూ ఎత్తుకుపోయారు. పోనీ ఒక సంతకం పెట్టి ఈ అబ్బాయిని కాపాడమన్నాను. పిల్లగానికి ఇంకో నౌకరి దొరుకుతది సారు, నాకు ఇంకో పాట దొరకది అన్నాడు. వచ్చేస్తుంటే మాత్రం, మీ చర్చిలోకి రాకముందే ఆదిలాబాదుల నేనిది వాయించిన తెలుసా అని డ్రైవర్ మీద చివరి బాణం వేశాడు.

చర్చి మాట వచ్చింది కాబట్టి డ్రైవర్ వాళ్ళ బాపు దగ్గరికి పోయాం. ఇక్కడైతే ఇబ్బంది లేదనుకున్నాను. కన్నకొడుకు ఉద్యోగం, ఒక్క సంతకం. పెద్దాయన మాకు చాయ్ ఇప్పించాడు. ఆయన పాట ఇది:

వాకిట్లకు రావే ఆత్మా, వాకిట్లకు రావే,
ఒక్కపారి... ప్రభువు మొఖం సూసి పోవే.

ఆగిన చోట సంఘమంతా "ఆమెన్" అంటారట. మా ఇద్దరినీ కూడా అనమన్నాడు, అన్నాం. ఇది మాది కాదని రాయండి అన్నాను. ఉపవాస ప్రార్థనలో దిగిన పాట అట. ప్రభువు ఇచ్చినదాన్ని మాది కాదంటే తిరిగి ఇచ్చేసినట్టే కదా అని ఆయన సందేహం. నీ కొడుకు నౌకరి పోతది బాపూ అని డ్రైవర్ మెల్లగా అన్నాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, కావాలంటే ఈ పాట దేవునిదని రాసి సంతకం పెడతానన్నాడు. నేను ఆశపడి ఆ కాగితమే కమిషనర్‌కు ఫోన్లో చదివి వినిపించాను. ఆయన దాన్ని నిజంగానే ఆలోచించాడు. అప్పుడు దేవుడు హక్కుదారు అవుతాడు కదా, ఆయన నుంచి అభ్యంతరం లేదని తేవాల్సి ఉంటుంది, అది మనకు ఇబ్బంది అన్నాడు.

ఆ ప్రార్థనలో మొదట ఎవరి నోట దిగిందని నేను అడిగాను. పెద్దాయన అబద్ధమాడే మనిషి కాదు. ఆదిలాబాదు జిన్నింగు మిల్లులో పనిచేసే ఒక విశ్వాసి నోట అన్నాడు. బ్యాండు మాస్టర్ కూడా ఆదిలాబాదే అన్నాడు. ఎండ తగ్గాక పోదామా అని డ్రైవర్ని అడిగాను. అతను అప్పటికే దిండు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఈలోపల మా ఊళ్ళో వార్త పాకింది. ఫలానా పాట హక్కుదారుల్ని మున్సిపాలిటీ వెతుకుతోందని ఎవరో అన్నారు, ఏదో పరిహారం ఇస్తారని ఇంకెవరో కలిపారు. వార్డు ఎన్నికల్లో ఓడినవాడూ గెలిచినవాడూ ఇద్దరూ ఫోన్ చేశారు. ఇద్దరూ ఆ బాణీ మీదే ఓటర్లను వాకిట్లకు పిలిచారట, ఇద్దరిదీ సొంతమేనట. నేను ఫోన్ ఆపేసుకున్నాను. జీవితమంతా "అది నాది కాదు" అనేవాళ్ళ మధ్య ఉద్యోగం చేసి, చివరికి ఆ మాట ఒక్కటి కావలసి వచ్చినప్పుడు ఊరంతా నాదీ నాదీ అంటుంటే మనిషికి ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి.

ఆదిలాబాదు మిల్లులో పత్తి సీజను. గాలి నిండా దూది. దిగిన కాసేపటికే నేనూ డ్రైవరూ నెరిసిన తలలతో నిలబడ్డాం. నాకు పెద్ద తేడా రాలేదు. అక్కడ కాంటా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, సగం తెలుగు, సగం మరాఠీ. డ్రైవర్ పాట ఎత్తుకోగానే పత్తి బేళ్ళు మోస్తున్న హమాలీలందరూ అందుకున్నారు. దారాత యే గ పోరీ, దారాత యే. వాకిట్లకు రావే పిల్లా అన్నదే, మరాఠీలో. ఆగే చోట అందరూ కలిసి "హుప్" అని బేలు ఎత్తారు. పాటకు బేలు లేచింది, లారీ నిండింది. డ్రైవర్ ముఖం మొదటిసారి వెలిగింది. హమాలీ పని తెలిసినవాడు కదా, "హుప్" అనే చోటు వచ్చినప్పుడు అతని భుజం దానంతటదే పైకి లేవడం చూశాను.

పాట ఎవరిదంటే, పెన్‌గంగ అవతలిదని కాంటా పెద్దాయన. ఇవతలిదని ఇద్దరు హమాలీలు. నది రెండు ఒడ్లకీ గొడవ మొదలైంది. నేను కాగితం తీసే ధైర్యం చేయలేదు. గొడవ పెరుగుతుంటే ఒక హమాలీ పెద్దాయన మీదికి తిరిగి, నువ్వే కదనే చెప్పినవ్, సిరిసిల్ల కెల్లి సాంచాల మనిషి వచ్చి పాడిండని, అనేశాడు.

పెద్దాయన మీసం సవరించుకున్నాడు. నిజమేనన్నాడు. ఎప్పుడో సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బందైనప్పుడు ఒకతను కూలికి వచ్చాడు. ఒకే ఒక్క సీజను చేశాడు. ఎవరితో కలిసేవాడు కాదు. అన్నం తిన్నాక గోడకు ఆనుకుని ఈ పాట పాడుకునేవాడు. "ఒక్కపారి" అని ఆగి గేటు వైపు చూసేవాడు.

"ఆగి ఏం జేసెటోడు?" అని అడిగాను.

"ఏం లే. ఊకె సూసెటోడు. ఎవ్వలు రాకపోయె. ఇంగ మల్ల పాడెటోడు," అన్నాడు పెద్దాయన. "గంత జాగ ఉత్తగ ఉంటె మాకు మంచిగ అనిపియ్యలే. అందుకే హుప్ వెట్టినం."

ఆ మాటతో నా బుర్రలో ఏదో కదిలింది. డోలు, రేకు దెబ్బ, లారీ హారన్, ఆమెన్, హుప్. అన్నీ ఆ ఒక్క చోటే పడుతున్నాయి. ఎవరికి వాళ్ళు తమ దగ్గరున్నది తెచ్చి అక్కడ కుక్కారు. బస్సులో డ్రైవర్ని మెల్లగా ఇంకోసారి పాడమన్నాను. నా జీవితంలో నేను అడిగి పాడించుకున్న మొదటి పాట అదే. ఆ ఆగే చోటు నాకు వినపడింది. వినపడ్డదని చెబితే అతను నమ్మలేదు.

సిరిసిల్లలో వెతకడం కష్టం కాలేదు. ఆదిలాబాదు పోయొచ్చిన పాట మనిషి ఎవరని సాంచాల షెడ్డులో ఒకరి చెవి దగ్గర అరిచి అడిగితే, ఆయన బయటికి తీసుకొచ్చి ఒక సందు చూపించాడు. ఆయినకు ఇప్పుడు ఇనరాదు, ఆమెను అడుగుండ్రి అన్నాడు. జీవితమంతా సాంచాల చప్పుడులో పనిచేసినవాళ్ళకు చెవులు ముందే పోతాయి. ఆ సందులో చిన్న ఇల్లు. ఎదురుగా కూలిపోయిన పాత షెడ్డు. వాకిలి పక్క అరుగు మీద ఒకామె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. లోపల ప్లాస్టిక్ కుర్చీలో ముసలాయన, మా రాకను పట్టించుకోకుండా ఆమె వీపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

వచ్చిన పని చెప్పాను. నోటీసు, కమిషనర్, డ్రైవర్ నడుం, అన్నీ చెప్పాను. ఆమె మంచినీళ్ళిచ్చి, ఏ పాటో పాడమంది. డ్రైవర్ పాడాడు, అసలు ప్రేమపాటే. ఆమె చేతులు ఆగలేదు, ఆకు చుట్టుకుంటూనే ఉన్నాయి. "ఒక్కపారి" దగ్గర అతను అలవాటు కొద్దీ తలుపు చెక్క మీద అరచేత్తో కొట్టాడు.

"అక్కడ కొట్టద్దు బిడ్డా," అంది ఆమె. "అది ఉత్తగనే ఉండాలె."

ఎందుకవ్వా అన్నాను. నాకేం ఎరుక, ఊకె అన్న అని మళ్ళీ చాటలోకి తల దించుకుంది. ఇది మీ ఆయన కట్టిన పాటేనా అని అడిగాను. కాదంది. మీ ఇంట్లో పుట్టింది కాదా అన్నాను. కాదంది. కాగితం మీద రాసి చదివి వినిపిస్తే, బీడీ ఆకు పొడి అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుని, ఓపిగ్గా సంతకం పెట్టింది. ఇన్ని ఊళ్ళు తిరిగితే దొరికిన మొదటి సంతకం. సిరా ఆరేదాకా కాగితాన్ని ఊదుతూ నిలబడ్డాను. డ్రైవర్ మాత్రం కాగితం వైపు చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు.

అప్పుడే సందు చివర చెత్త ఆటో మోగింది. మావాడి గొంతే. వాకిట్లకు రావే అక్కా, వాకిట్లకు రావే. ఆమె చాట పక్కన పెట్టి, రెండు బకెట్లు తీసుకుని వాకిట్లోకి దిగింది. లోపల ముసలాయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయనకు ఆటో వినపడదు, పాట వినపడదు. ఆమె బకెట్లు పట్టుకుని లేవడం ఒక్కటే కనబడింది. "ఒక్కపారి" అని మైకు ఆగింది. రేకు దెబ్బ పడే లోపు, ఆ కాస్త ఖాళీలో, ఆమె వెనక్కి తిరిగి, ఆయన్ని ఒక్కసారి చూసింది. ఆయన పెదవులు కదిలాయి. కండ్లవడి మల్ల లోపటికి పోవే. శబ్దం లేదు. ఆమె బకెట్లు ఆటోలో ఒంపి, తల దించుకుని నవ్వుకుంటూ లోపలికి వచ్చేసింది.

పాటలో ఏముందో అదే జరిగింది. నాకు పాటలు తెలియవు గానీ కళ్ళున్నాయి. నా చేతిలో కాగితం అబద్ధమని అర్థమైంది.

నాకంటే ముందు డ్రైవర్ నోరు తెరిచాడు.

"అవ్వా, నీదైతె నీదని చెప్పు. కాగితం చింపేస్త. నా నౌకరి సంగతి నేను సూసుకుంట."

ఆమె బకెట్లు కడిగి బోర్లించింది. ముసలాయన భుజం మీద పడ్డ దూది పోగు తీసింది. ఎదురుగా ఉన్న కూలిన షెడ్డులోనే ఆయన సాంచాలు నడిపేవాడని, తాను ఈ ఇంట్లోనే వాటికి నూలు కండెలు చుట్టేదాన్నని, అప్పుడు చెప్పింది. ఆగిన చోట తాను బయటికి వస్తే సరి, రాకపోతే మళ్ళీ మొదటినుంచి పాడేవాడట. కావాలనే చాలాసార్లు వచ్చేదాన్ని కాదు అని నవ్వింది.

తరువాత డ్రైవర్ అడిగినదానికి జవాబిచ్చింది.

"నాదంటే ఏమైతది బిడ్డా? గీ సార్లు నోటీసులు రాస్కుంటరు, పాట బందు వెడుతరు. ఆయినకు ఇప్పుడు పాడ రాదు. రోజు పొద్దుగాల నా వాకిట్లకు ఎవలు పిలుస్తరు? నాది కాదనే రాస్కపో."

నేను ఉద్యోగంలో చాలా అబద్ధపు కాగితాలు చూశాను. అన్నిటినీ చిరాకుగానే ఫైల్లో పెట్టాను. ఈ ఒక్కదాన్ని మడత పడకుండా చొక్కా లోపల దాచుకుని తెచ్చాను. కమిషనర్ దాన్ని చదివి, ఎక్కడో సిరిసిల్లలో కూడా పాడుతున్నారంటే అది జనంలో తిరిగే పాటేనని సంతోషపడ్డాడు. నోటీసుకు జవాబు వెళ్ళింది. ఛానల్ ఆయన దగ్గర కూడా తనదనే రుజువు లేదు, అక్కడితో ఊరుకున్నాడు. ఆ తరువాత బకెట్ల వీడియోను తన ఛానల్లోనే పెట్టుకున్నాడని, బాగా నడుస్తోందని విన్నాను. మూలమీది ఇంటి ముసలమ్మకు మాత్రం ఆయన థ్యాంక్స్ చెప్పినట్టు లేదు.

డ్రైవర్ సీటులోనే ఉన్నాడు, దిండు పెట్టుకుని. వచ్చిన మర్నాడే పాట మళ్ళీ రికార్డు చేశాడు. రేకు దెబ్బ తీసేశాడు. దెబ్బ లేకపోతే జనం బయటికి రారేమోనని నేను భయపడ్డాను, అధికారిగా ఒక మాట కూడా అన్నాను. అది ఉత్తగనే ఉండాలె సారు అన్నాడు. కొత్త పాట వాట్సాప్‌లో మళ్ళీ అన్ని ఊళ్ళకూ పోయింది, సిరిసిల్లకు కూడా.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటున్నాను. ఇప్పటికీ నాకు పాటలంటే పడదు. కానీ పొద్దున ఆటో మా వీధిలోకి మళ్ళేసరికి నేను వాకిట్లో ఉంటాను. "ఒక్కపారి" అని మైకు ఆగుతుంది. ఆ కాస్తసేపు వీధిలో ఏ చప్పుడూ ఉండదు. నేను వెనక్కి తిరిగి చూస్తాను. మా ఇంటామె గడపలో రెండు బకెట్లతో నిలబడి ఉంటుంది.

"రోజు ఏం సూస్తవయ్యా?" అంటుంది. "గీ తడిది పట్టుకో."

పట్టుకుంటాను.